అమాస నాటి ఉడుకు

అశాంతి ఒక ఖనిజం. బెల్లంపల్లి నేల కింద బొగ్గు ఉన్నట్టే కొన్ని ఊళ్ల కింద అశాంతి ఉంటుంది. బొగ్గు కోసం మనుషులు లోపలికి దిగాలి. అశాంతి తనంతట తానే పైకి వస్తుంది. తేడా అంతే. ఈ సత్యాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది కరీంనగర్‌లోని అశాంతి మూలాన్వేషణ ఉపకార్యాలయం. అందులో నేను పనిచేశానని చెప్పుకోవడానికి ఒకప్పుడు గర్వపడేవాణ్ణి. (ప్రధాన కార్యాలయం ఎక్కడుందో మాకు చివరిదాకా తెలియలేదు. మందలింపు ఉత్తరాలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి.)

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిది. పోలీస్ యాక్షన్ జరిగి పదేళ్లయింది. రాష్ట్రం పేరు మారి రెండేళ్లవుతోంది. ఒక బియ్యం గోదాము మీద రెండు గదులు మా కార్యాలయం. ఒక గదిలో అధికారి ప్రేమ్‌సాగర్‌రావు గారు. రెండో గదిలో నేను, ఒక పటం, తలుపు మూతపడని ఒక బీరువా. నా హోదా క్షేత్ర పరిశీలకుడు. అంటే బస్సులో ఒక ఊరికి వెళ్లి, అక్కడి అశాంతిని లెక్కపెట్టి, అదే బస్సులో తిరిగి రావడం.

లెక్కపెట్టాలంటే కొలమానం కావాలి. పాలకు శేరు ఉంది, గుడ్డకు గజం ఉంది, అశాంతికి ఏమీ లేదు. ప్రేమ్‌సాగర్‌రావు గారు వారం రోజులు ఆలోచించి దానికి 'ఉడుకు' అని పేరు పెట్టారు. ఒక దరఖాస్తుకు ఒక ఉడుకు. అధికారికి ఎదురు మాట చెబితే ఒకటి. పదిమందికి మించి ఒకచోట కూర్చుంటే ఐదు. పని ఆగిన మగ్గానికి, నాగలికి, కొలిమికి ఒక్కొక్కటి. నవ్వుకు ఉడుకు లేదు, కానీ అధికారి వెళ్లిపోతుండగా వెనక నవ్వితే అర ఉడుకు.

ఉడుకు ఎక్కువైన ఊరికి పటంలో ఎర్ర గుండుసూది గుచ్చేవాళ్లం. ఆరు నెలలు గుచ్చాక ఒకనాడు ప్రేమ్‌సాగర్‌రావు గారు ఆ పటం ముందు నిలబడి చేతిలో చాయ్ చల్లారేదాకా కదల్లేదు. సూదులు పటమంతటా చెదిరి లేవు. ఉట్నూర్ అడవి పల్లెల దగ్గర ఒక గుంపు, నీళ్లు లేని మెట్ట ఊళ్ల దగ్గర ఒక గుంపు, నేతగాళ్ల ఊళ్ల దగ్గర ఒక గుంపు.

"జర గౌర్‌గ చూడవయ్యా," అన్నారు. "సూది ఉన్న ఊరికి సడక్ లేదు. బాయి లేదు. దవాఖాన లేదు. అంటే ఏమన్నట్టు?"

ఏమన్నట్టో చెప్పడం నా హోదాకు మించిన పని.

"అశాంతి సడక్‌లను తింటది," అన్నారాయన. "బాయిలను తాగుతది. లేకుంటే అన్నీ ఒక్కతాననే ఎట్ల మాయమైతయి?"

ఆ సాయంత్రమే పదకొండో సర్క్యులర్ తయారైంది. ఇరవై ఉడుకులు దాటిన ఊరికి సర్కారు తరఫున ఏ వస్తువూ పంపరాదు. పంపితే అశాంతి దాన్ని తిని మరింత బలుస్తుంది. ఇరవైలోపు ఉన్న ఊరికి శాంతి పత్రం ఇవ్వాలి. ఆ పత్రం చూపిస్తేనే సిమెంటు, ఇనుము, నూలు విడుదలవుతాయి. నక్క ఉన్నదని తెలిసిన తోటలోకి కోడిని ఎవరు తోలుతారు? సర్క్యులర్‌లో ఈ ఉపమానం నేనే పెట్టాను. ప్రేమ్‌సాగర్‌రావు గారు కొట్టేశారు.

నా రచనల్లో కొట్టేయకుండా అచ్చయింది ఒక్కటే. అది తొమ్మిదో నిబంధన. ఊళ్లలో ఫారం నింపమంటే జనం ముందువైపు గడులు వదిలేసి వెనుకవైపు రాసేవారు. బాయి ఎండింది, పట్వారీ కొట్టిండు, మా అవ్వకు చూపు పోయింది, ఇలాంటివి. వాటిని ఏ గడిలో వేయాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. అందుకని నేనే ప్రతిపాదించాను: 'ఫారం వెనుకవైపు రాసినవి పరిగణనలోకి రావు.' ఐదే ఐదు మాటలు. ప్రేమ్‌సాగర్‌రావు గారు భుజం తట్టారు. ఆ నాటి నుంచి హాయిగా నిద్రపోయాను.

పద్నాలుగో నిబంధన మాత్రం నాకు నచ్చేది కాదు. పరిశీలకుడికి తాను పరిశీలించే జనంతో బంధుత్వం గానీ, కులం గానీ, పాత పరిచయం గానీ ఉండరాదు. ఉంటే దయ కలిగే ప్రమాదం ఉంది. అలాంటివాణ్ణి వెంటనే ఉద్యోగం నుంచి తప్పించాలి. ఎందుకు నచ్చేది కాదో తర్వాత చెబుతాను.

ఆషాఢం చివర్లో నన్ను రెండు ఊళ్లకు పంపారు.

మొదటిది ఎల్లారావుపేట. అక్కడి దొర గోపాల్‌రావు గారి తాత పేరు మీద వెలసిన ఊరు. బస్సు దిగగానే దొర మనిషి ఎదురొచ్చి నేరుగా గడీకి, ఆయన పెద్ద బంగళాకు తీసుకుపోయాడు. భోజనంలో కోడికూర, దానిమీద నెయ్యి. తిన్నాక ఊరి జనాన్ని వరండా కింద వరసగా నిలబెట్టారు. ఫారంలో ఉన్న ప్రకారం అడిగాను: మీకేమైనా ఫిర్యాదులున్నాయా? వాళ్లు నావైపు చూడలేదు. నా పక్కన కుర్చీలో ఉన్న గోపాల్‌రావు గారివైపు చూశారు. ఆయన మీసం సవరించుకున్నారు. ఫిర్యాదులు లేవు.

పదిమందికి మించి ఒకచోట ఉన్నారు గదా, ఐదు ఉడుకులు వేయాలా అని నాకు అనుమానం వచ్చింది. కానీ వాళ్లు కూర్చోలేదు, నిలబడ్డారు. నిబంధనలో కూర్చుంటేనే అని ఉంది. ఉడుకు సున్నా. అంత శాంతమైన ఊరిని నేను ఎన్నడూ చూడలేదు. అక్కడ కుక్కలు కూడా దొరవారి అనుమతితోనే మొరిగేవి.

రెండోది పోగులపల్లె. నూట నలభై గుంట మగ్గాల ఊరు. ఇక్కడ కోడికూర లేదు. ఎదురొచ్చినవాళ్లూ లేరు. బస్సు దిగి నడుస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. నేతగాళ్ల ఊరికి దారి అడగనక్కర్లేదు, చప్పుడు పట్టుకుని వెళితే చాలు. ఆనాడు చప్పుడు లేదు. ఒక్క మగ్గమూ ఆడడం లేదు. మగవాళ్లంతా కులసంఘం ఇంట్లో చాపలు పరచుకుని కూర్చుని ఉన్నారు. లెక్కపెడితే నూట అరవై ఇద్దరు.

మూడు నెలలుగా డిపో నుంచి నూలు రావడం లేదనీ, ఏం చేయాలనీ వాళ్లు మాట్లాడుకుంటున్నారు. కులపెద్ద పర్శరాములు నన్ను చూసి లేచి, సారు వచ్చిండని చాప దులిపి వేశాడు. శాంతి పత్రం నా చేతి మీదుగా వస్తుందని ఆయనకు తెలుసు. మర్యాద చేశాడే గానీ ఒక్క మాట బతిమాలలేదు. బతిమాలితే ఉడుకు ఉందో లేదో ఆయనకు తెలియదు. (లేదు. మర్చిపోయాం. తర్వాత చేర్చాం.)

ఇంటింటికీ తిరిగి మగ్గాలు చూస్తూ చివరి వాడలో శంకరవ్వ ఇంటికి చేరాను. భర్త లేడు. కొడుకు వెంకటి నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. వెంకటి సంఘం ఇంట్లో ఉన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీరె, ఎర్రంచుది. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది.

తెగిన పోగును చూస్తే నా వేళ్లు ఊరుకోవు. సంచి భుజానే ఉంది, ఫారం చంకలోనే ఉంది, నేను వంగి ఆ రెండు కొసలూ పట్టుకుని, బొటనవేలితో ఒక్క మెలిక తిప్పి అతికేశాను.

"ముట్టకు బిడ్డా," అంది శంకరవ్వ వెనకనుంచి. "ఇయ్యాల అమాస."

"తెలుసవ్వా," అన్నాను.

అన్నాక గానీ నాలుక కరుచుకోలేదు. ఆమె నా వేళ్లవైపు చూసింది, ముఖంవైపు చూసింది, మళ్లీ వేళ్లవైపు చూసింది.

"గట్ల మెలిక తిప్పుడు పంతులు కొడుక్కు రాదు, పటేలు కొడుక్కు రాదు. మీ బాపు ఏ ఊళ్లె నేస్తడు?"

ఇదే పద్నాలుగో నిబంధన నాకు నచ్చకపోవడానికి కారణం. మా బాపు సిరిసిల్ల దగ్గర నేసేవాడు. నెలంతా గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, ఒక్క అమావాస్యనాడు పైకి వచ్చేవాడు. ఆనాడు మగ్గం ముట్టరు. సంఘంలో కూర్చుంటారు, మాట్లాడుకుంటారు. నాకు చిన్నప్పుడు బాపు నడుము కింది భాగం కనబడేది నెలకు ఆ ఒక్కరోజే. ఉద్యోగం కాగితాల్లో మాత్రం నాన్నగారి వృత్తి దగ్గర 'వ్యాపారం' అని రాశాను.

నేను ఫారం ఇంకో చంకలోకి మార్చుకున్నాను. శంకరవ్వ మళ్లీ అడగలేదు. చిన్న గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చి, చెప్పవలసింది చెప్పింది.

"గీ పడుగే ఆఖరిది. బతుకమ్మ పండుగకు చీరెలు నేస్తేనే మాకు ఏడాది ఎల్లుతది. నూలు డిపోల ఉన్నదట, కాయితమే వస్తలేదట. నూలస్తే ఇది మగ్గం. రాకుంటే కట్టెలు. జర జూసి రాయి బిడ్డా."

చూసి రాయడమే నా ఉద్యోగం. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని ఫారం తీశాను. నడుస్తున్న మగ్గాలు అని ఒక గడి. ఆగిన మగ్గాలు అని ఒక గడి. అమావాస్యకు గడి లేదు. వెనుకవైపు రాయవచ్చు, కానీ అది పరిగణనలోకి రాదు. నోటితో చెప్పవచ్చు, కానీ నీకెట్ల తెలుసని సారు అడిగితే? కరీంనగర్‌లో ఈ సంగతి పాలమ్మే మనిషికి కూడా తెలుసు, సారు అడగకపోవచ్చు కూడా. కానీ పిరికివాడికి ప్రతి ప్రశ్నా వంశం అడిగినట్టే వినిపిస్తుంది.

ఆగిన మగ్గాలు నూట నలభై అని వేశాను. గుమిగూడినందుకు ఐదు. మొత్తం నూట నలభై ఐదు ఉడుకులు. చేతిరాత చాలా అందంగా వచ్చింది.

ప్రేమ్‌సాగర్‌రావు గారు ఆ అంకె చూసి లేచి నిలబడ్డారు. జిల్లాలో అప్పటిదాకా రికార్డు ముప్పై ఎనిమిది. అంత సూది మా దగ్గర లేక, గోడకు కొట్టే మేకు తెప్పించి గుచ్చారు. అసలే రాని పోగులపల్లె నూలును ఇప్పుడు ఉత్తర్వు వేసి మరీ ఆపేశారు. ఊరి రక్షణకు ఒక జమాదారుతో ఆరుగురు జవాన్ల పోలీసు చౌకీ మంజూరు చేయించారు. చౌకీకి ఇల్లు కావాలి గనుక కులసంఘం ఇల్లు ఖాళీ చేయించారు. మూడు నెలల తర్వాత పోగులపల్లెకు సర్కారు నుంచి వచ్చింది అదొక్కటే. (పదకొండో సర్క్యులర్‌లో వస్తువులను మాత్రమే నిషేధించాం. జవాన్లు వస్తువులు కారు.)

ఆగిన నూలు ఊరికే పడి ఉంటే మురిగిపోతుందని, దాన్ని శాంతి పత్రం ఉన్న దగ్గరి ఊరికి పంపారు. అది ఎల్లారావుపేట. అక్కడ నేత తెలిసినవాడు ఒక్కడూ లేడు. గోపాల్‌రావు గారు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాశారు. పంపిన మూటలు చాలా మెత్తగా ఉన్నాయనీ, వరండాలో పెట్టించాననీ, వాటిమీద తమ పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందనీ, ఆ మూటలు దేనికి వాడతారో తెలియజేయగలరనీ.

పది రోజులకు పర్శరాములు మా కార్యాలయానికి వచ్చాడు. చేతిలో దరఖాస్తు, చంకలో పంచాంగం. దరఖాస్తుకు ఒక ఉడుకు వేసి లోపలికి పంపి, రాసుకోవడానికి నేనూ వెంట వెళ్లాను.

"దొరా, ఆనాడు అమాస," అన్నాడాయన నిలబడే. "అమాసనాడు మా కులంల మగ్గం ముట్టరు. తాతల కాలం నుంచి గంతే. హర్తాల్ గాదు, లొల్లి గాదు."

ప్రేమ్‌సాగర్‌రావు గారు చెడ్డవారు కారు. రుజువు ఉంటే సవరిస్తామన్నారు. పర్శరాములు పంచాంగం తెరిచి ఆ తేదీ చూపించాడు. అధికారి అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీనిమీద సర్కారు మొహర్ లేదు కద."

"సూర్యచంద్రులకు మొహర్ యాడికెల్లి తేవాలె దొరా?"

ఎదురు మాట. ఒక ఉడుకు. నేను రాసుకుంటూ ఉండగా పర్శరాములు నావైపు తిరిగాడు.

"గీ సార్‌కు ఎర్కె. శంకరవ్వ అమాస అంటే తెలుసవ్వా అన్నడట. అడుగుండ్రి."

ప్రేమ్‌సాగర్‌రావు గారు కళ్లజోడు తీశారు. "ఏమయ్యా, నీకు తెలుసా?"

కింద గోదాములో ఎవరో బియ్యం బస్తా దింపారు. నిజం చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. అది లోపలికి పీల్చుకున్నాను కూడా.

"నాకు తెలిసినదంతా ఫారంలో ఉంది సార్," అన్నాను.

పర్శరాములు కోప్పడలేదు. కోప్పడితే రాసుకోవడానికి కలం సిద్ధంగానే పట్టుకున్నాను. ఆయన పంచాంగం మూసి, "మంచిది బిడ్డా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ మాటకు ఎన్ని ఉడుకులు వేయాలో ఏ నిబంధనలోనూ దొరకలేదు.

బతుకమ్మకు పది రోజుల ముందు రెండో పరిశీలనకు వెళ్లాను. ఈసారి జాగ్రత్తపడి, అమావాస్య కాని రోజు చూసుకుని బయల్దేరాను. (పంచాంగం సొంత ఖర్చుతో కొన్నాను. నాలో మంచి బొత్తిగా లేదని అనుకోవద్దు.) ఊళ్లో మళ్లీ చప్పుడు లేదు. నూలు లేదు గదా. ఆగిన మగ్గాలు నూట నలభై.

సంఘం ఇల్లు చౌకీ అయిపోయింది గనుక జనం కూర్చోవడానికి చోటు లేక చౌకీ ముందు వీధిలోనే కూర్చున్నారు. ముందు వరసలో ఆడవాళ్లు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్క నాడె. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తవలసిన చెక్క, ఒళ్లో పడుకుని ఉంది. వాళ్లు అరవరు, కేకలు వేయరు, అదే తనకు భయంగా ఉందని జమాదారు నాతో మొరపెట్టుకున్నాడు. ఏం కావాలని అడిగితే రెండే రెండు మాటలట: మా ఇల్లు మాకియ్యుండ్రి, మా నూలు మాకియ్యుండ్రి. శంకరవ్వ నన్ను చూసింది. ఆమె ఒళ్లో నాడె లేదు. వెంకటి దాన్ని సంచిలో పెట్టుకుని వారం కిందటే షోలాపూర్ మిల్లుకు పోయాడట. అక్కడి మరమగ్గాలకు ఆ నాడె పనికిరాదని వెంకటికీ తెలుసు.

కూర్చున్న ఎనభైమందికీ తలా రెండు ఎదురు మాటల కింద నూట అరవై వేస్తే, మొత్తం ఉడుకు మూడు వందలు దాటింది. ప్రేమ్‌సాగర్‌రావు గారి సంతోషం చెప్పనలవి కాదు. ఒకే ఊరు, రెండుసార్లు చూస్తే, రెండుసార్లూ అశాంతే. అందులోనూ మొదటిసారి కంటే ఊరు మరింత పేదదైంది, అశాంతి మరింత పెరిగింది. సిద్ధాంతం రుజువైంది. హైదరాబాదు నుంచి ముగ్గురు పెద్దలు జీపులో వచ్చి, ఊరి మట్టి ఒక సీసాలో, నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోయారు. మట్టిలో ఏమీ లేదని జవాబు వచ్చింది. నీళ్లలోనూ ఏమీ లేదట. పొయ్యి మీది కుండలో ఏముందో చూడమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అందులోనూ ఏమీ లేదని తేలేది.

ఆ ఏడాది నివేదిక అచ్చయింది. 'అశాంతి పేద ప్రాంతాల్లోనే ఎందుకు కేంద్రీకృతమవుతుంది?' నూట పన్నెండు పేజీలు. చివరి పేజీలో జవాబు: అక్కడి ప్రజలకు శాంతిగా ఉండే అలవాటు లేకపోవడం వల్ల. నన్ను ప్రధాన పరిశీలకుణ్ణి చేశారు. గొడుగు ఇచ్చారు.

పుష్యమాసంలో మూడో పరిశీలన. చలిగా ఉంది. పోగులపల్లెలో దిగి ఫారం తీసుకుని ఇంటింటికీ వెళ్లాను. తలుపులకు తాళాలు. కొన్నింటికి తాళాలు కూడా లేవు. షోలాపూర్ పోయినవాళ్లు పోగా, బెల్లంపల్లి గనుల్లోకి దిగినవాళ్లు దిగగా, మిగిలినవి కొన్ని ముసలి ప్రాణాలు. పర్శరాములు కూతురి ఊరికి వెళ్లిపోయాడట. మగ్గం గుంటల్లో కోళ్లు పడుకున్నాయి. నడుస్తున్న మగ్గాలు: లేవు. ఆగిన మగ్గాలు: లేవు, ఆగడానికి మగ్గమంటూ ఉండాలి గదా. దరఖాస్తులు లేవు. గుమిగూడటానికి పదిమంది లేరు. అంకెలు రెండుసార్లు కూడి చూశాను.

ఉడుకు సున్నా. ఎల్లారావుపేటతో సమానం.

ప్రధాన పరిశీలకుడి హోదాలో శాంతి పత్రం నేనే అక్కడికక్కడ రాసి సంతకం చేయవచ్చు. చేశాను. నూలు బండి నా వెనకే వచ్చింది. ఎల్లారావుపేట నుంచి తిరిగి తెచ్చిన మూటలే. వాటిమీద పిల్లి వెంట్రుకలున్నాయి. నేతగాళ్లెవరూ లేనందున జమాదారు చేతులు తుడుచుకుని అందినట్టు సంతకం పెట్టాడు. మూటలు చౌకీ గోడవారగా పేర్చారు. జవాన్లు వాటికి ఆనుకుని కూర్చున్నారు.

చౌకీ వెనుక చాయ్ కాస్తోంది శంకరవ్వ. జవాన్లకు వండిపెడితే రెండు పూటలా తిండి. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. అల్లం వేసింది, బాగుంది. తాగుతూ పొయ్యిలోకి చూశాను. నున్నటి కట్టె, ఏళ్ల తరబడి గుడ్డ రాచుకుని అరిగిన నునుపు అది. పక్కనే ఇంకో రెండు ముక్కలు, ఒకదానికి ఎర్ర పోగు చుట్టుకుని ఉంది.

ఆమె మంట ఎగదోసి, తల ఎత్తకుండానే అంది.

"ఇయ్యాల అమాస గాదు బిడ్డా. రాసుకో."

రాసుకున్నాను. ఆ వివరానికి ముందువైపు గడి లేదు. అందుకని ఫారం తిప్పి వెనుకవైపు, సాధ్యమైనంత అందమైన చేతిరాతతో, తేదీ వేసి మరీ రాశాను.